ఓటింగు యంత్రమున బ్రెయిలీ స్పర్శసంకేతములు

ఎలక్ట్రానిక్ ఓటింగు యంత్రమునందలి బ్యాలెట్ యూనిట్‌పై, అభ్యర్థుల పేర్లకెదురుగా నుండు నీలిమీటల ప్రక్కన, 1 మొదలు 16 వరకు గల అంకెలను బ్రెయిలీ లిపిలో ఉబ్బెత్తు చుక్కలుగా పొందుపరచిన ఏర్పాటునకు ఈ పేరు. చూపులేని ఓటరు పరులపై ఆధారపడక తాను కోరిన మీటను వ్రేలితోనే గుర్తించి నొక్కుటకిది సాధనము. దీనిని పరీక్షార్థము ప్రవేశపెట్టినది 2004లో, హైదరాబాదు నగరమందలి ఆసిఫ్‌నగర్ శాసనసభా నియోజకవర్గపు ఉపఎన్నికలో.

చరిత్ర: 1977లో ఎన్నికల సంఘమునకు ఓటింగు యంత్రపు ఆలోచన కలుగగా, హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. సంస్థ 1979లో నమూనాను నిర్మించెను; పిదప బెంగుళూరునందలి బి.ఇ.ఎల్. సంస్థయు ఈ కార్యమున పాలుగొనెను. 1982 మే నెలలో కేరళలోని పరవూరు నియోజకవర్గమున 50 పోలింగు కేంద్రములలో తొలిసారి వాడిన ఈ యంత్రము, 2004 నాటి లోక్‌సభ ఎన్నికలకు దేశమంతటను వ్యాపించెను. అయినను చూపులేనివారికి తోడువచ్చినవారిచేత ఓటు వేయించుకొనుటయే గతియై, అందరికిని సమానముగా దక్కవలసిన ఓటు రహస్యము వారికి మాత్రము దక్కకుండెను. ఆసిఫ్‌నగర్ ప్రయోగానంతరము 2005లో బీహారు, జార్ఖండు, హర్యానాలలో ఒక్కొక్క నియోజకవర్గమునను, 2008లో ఢిల్లీ, జమ్మూ కాశ్మీరములందంతటను, 2009లో లోక్‌సభ ఎన్నికలందును బ్రెయిలీ గుర్తులు వాడుకలోనికి వచ్చినవి.

శాస్త్రాధారము: గురి దూరమైనకొలదియు, చిన్నదైనకొలదియు దానిని చేరుటకు చేతికి పట్టు కాలము పెరుగునని 1954లో అమెరికను మనస్తత్త్వవేత్త పాల్ ఫిట్స్ సూత్రీకరించెను. అట్లు గురిని చేరుటలో స్పర్శ ఎంత తోడ్పడునో తెలియుటకు, 1995లో అకమాట్సు, మెకెంజీ, హాస్‌బ్రూక్ అను ముగ్గురు పరిశోధకులు, కంప్యూటరు తెరపై బాణపుగుర్తు గురిలోనికి ప్రవేశించినంతనే మౌసు మీటలోనుండి చిన్న సూది పైకిలేచి వ్రేలికొనను తాకునట్లు అమర్చి, ఆ స్పర్శను ధ్వనితోను, రంగు మార్పుతోను పోల్చిచూచిరి. మొత్తము కాలమున చెప్పదగిన భేదము కనబడలేదు గాని, గురిని చేరిన పిమ్మట మీట నొక్కుటకు పట్టు చివరి క్షణము స్పర్శ వలననే అన్నిటికన్న తగ్గినది. వ్రేలిక్రింద లేచిన ఆ సూదియు, బ్యాలెట్ యూనిట్‌పై నిలిచియున్న బ్రెయిలీ చుక్కయు చేయు పని యొక్కటే. చేయి సరియైన చోటికి చేరినదని చేతికే తెలుపుట.

ప్రయోగవిధానము: జహీరాబాదు లోక్‌సభ స్థానమున చేరియున్న బాన్సువాడ వంటి గ్రామీణ నియోజకవర్గమునగాని, మహానగరమునగాని పద్ధతి యొకటే. ఓటరు బ్రెయిలీలో అచ్చైన నమూనా బ్యాలెట్ పత్రమును చదివి, తన అభ్యర్థి వరుససంఖ్యను గుర్తుంచుకొని, యంత్రముపై ఆ సంఖ్యను తడవి, దాని ప్రక్కమీటను నొక్కును. అప్పుడు ఎఱ్ఱదీపము వెలుగును, బీప్ శబ్దము వినవచ్చును, ఓటు ఎవరికి పడినదో చూపు వీవీప్యాట్ అచ్చుచీటీ 7 సెకనులు కనబడును. దీపమును చీటీయు కన్నులున్నవారికే పనికివచ్చును. శబ్దము ఓటు పడినదని చెప్పునేగాని ఎవరికి పడినదో చెప్పదు. కావున చూపులేని ఓటరుకు తన యెన్నికను గూర్చి సాక్ష్యమిచ్చునవి ఆ చుక్కలే.

పరిమితులు: బ్రెయిలీ నేర్వనివారికి ఈ చుక్కలు మూగవి, అట్టివారు నేటికిని, నిబంధనల ప్రకారము, 18 ఏండ్లు నిండిన తోడుతో ఓటు వేయవచ్చును. అభ్యర్థులు మిక్కుటమైనప్పుడు మీటను వెదకుట మరింత శ్రమయగును: బాన్సువాడకు పొరుగుననున్న నిజామాబాదు లోక్‌సభ స్థానమున 2019లో 185 మంది పోటీచేయగా, ఒక్కొక్క కేంద్రమున 12 బ్యాలెట్ యూనిట్లను పేర్చవలసివచ్చెను.

నునుపైన గాజుతెరలే సర్వత్ర వ్యాపించుచున్న ఈ కాలమున, వ్రేలికి జవాబు చెప్పు గురి అలంకారము గాదు, హక్కు. బ్రెయిలీ చదువు ఎంతవరకు వ్యాపించునో, ఈ చుక్కలిచ్చు ఓటు రహస్యము కూడ అంతవరకే చేరగలదు.