కార్యనిర్వహణ శాస్త్రమునకు ఆద్యులు

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చరిత్ర సంబంధమైన వ్యాసమొకటి వ్రాయుమని సంపాదకవర్గమువారు నన్ను కోరిరి. రాజుల చరిత్రలును యుద్ధముల చరిత్రలును వ్రాయగలవారు పెక్కురు కలరు. చిట్టాలు, ఆవర్జాలు వ్రాయుటలోనే వయసు గడపినవాడను గనుక, మనుష్యుడు చేయు పనికి లెక్క కట్టుట ఒక శాస్త్రముగా ఎట్లు రూపొందెనో ఆ వృత్తాంతమును చదువరుల ముందుంచుచున్నాను. దీనినే నేడు మేనేజిమెంటు అనుచున్నారు. తెలుగున కార్యనిర్వహణ శాస్త్రమనవచ్చును.

ఇదంతయు మన అర్థశాస్త్రములోనే కలదని కొందరు వాదింతురు. 1909లో మైసూరునందు శామశాస్త్రిగారు అచ్చొత్తించిన ఆ గ్రంథమున రెండవ అధికరణమునకు అధ్యక్షప్రచారమని పేరు. గనులకు, నేతకు, సేద్యమునకు, పశువులకు వేర్వేరుగా అధ్యక్షులు అందు చెప్పబడిరి. రాజధనమును అపహరించు మార్గములు నలువది యని లెక్కయు కలదు. మా వృత్తివారు తలవంచుకొని చదువవలసిన ప్రకరణమది! అయినను న్యాయము చెప్పవలెనన్నచో, కౌటిల్యుని దృష్టి ప్రధానముగా కోశముమీదిది. పార పట్టిన చేయి ఎట్లు కదలిన అలసట తగ్గునో కొలిచి చూచుట పాశ్చాత్యుల కర్మశాలలలో వృద్ధి పొందిన విద్య.

అచట కూడ ఇది ఒక్కనాడు పుట్టలేదు. 1832లో ఇంగ్లండున చార్లెస్ బాబేజి యను గణితవేత్త కర్మశాలలనుగూర్చి ఒక గ్రంథము వెలువరించెను. గుండుసూదులు చేయు పనిని భాగములుగా విడదీసినచో, నేర్పరికి నేర్పు అవసరమైన భాగమునకే పెద్ద కూలి ఈయవచ్చునని అందు లెక్క వేసి చూపెను. కాని శాస్త్రమునకు జనకుడను పేరు వేరొకనికి దక్కినది.

ఫ్రెడరిక్ విన్‌స్లో టేలరు 1856లో అమెరికాలోని ఫిలడెల్ఫియాయందు సంపన్నుల యింట జన్మించెను. హార్వర్డు ప్రవేశపరీక్షలో కృతార్థుడయ్యును, దృష్టి మందగించుటచే ఆ చదువు మాని, యంత్రశాలలో పని నేర్వబూనెను. 1878లో మిడ్‌వేల్ ఉక్కు కర్మాగారమున సామాన్య కార్మికుడుగా చేరి, క్రమముగా మేస్త్రీయై, తుదకు ముఖ్య ఇంజనీరు అయ్యెను. ఉద్యోగము చేయుచునే ఇంటివద్ద చదివి 1883లో ఇంజనీరు పట్టము పొందెను. గ్రంథాలయమే విద్యాలయమైన మనవంటివారికి ఈ యంశము ప్రీతి గొల్పును.

కార్మికులు తాము చేయగలిగినదానికంటె తక్కువ చేయుచుండుట టేలరు వారి నడుమ నుండియే కనిపెట్టెను. అందుకు వారికి కారణము కలదు. పని పెరిగిన వెంటనే యజమాని వంతు కూలి తగ్గించుచుండెను. ఒక దినమున ఎంత పని న్యాయమో ఉభయులకును తెలియదు. దానిని స్టాపువాచీతో కొలిచి తేల్చవలెనని అతని పట్టుదల.

1899లో బెత్లెహామ్ ఉక్కు కర్మాగారమున జరిగిన పరీక్ష జగత్ప్రసిద్ధము. 92 పౌనుల దుక్క ఇనుపదిమ్మలను ఎత్తి రైలుపెట్టెలలో వేయు పని. మనిషి దినమునకు 12½ టన్నులు వేయుచుండెను. టేలరు దానిని 47½ టన్నులకు పెంచవచ్చుననెను. ఊపిరి తిరుగకుండ తరిమి కాదు సుమా! చేతిలో బరువుండు కాలము దినమున నూటికి 43 పాళ్లు మాత్రమే యుండవలెనని, తక్కిన 57 పాళ్లు చేతులు ఖాళీగా నుండవలెనని అతని సిద్ధాంతము. పారకు 21 పౌనుల బరువు తగునని తేల్చి, బరువైన ఖనిజమునకు చిన్నపార, తేలికబొగ్గునకు పెద్దపార ఇప్పించెను.

ఇక కూలి మాట. అది 1.15 డాలర్లనుండి 1.85 డాలర్లకు పెరిగినది. లెక్కలవాడను గనుక టన్నుకు ఎంత పడెనో వేసి చూచితిని. పూర్వము 9 సెంట్లకు పైగా పడిన కూలి 4 సెంట్లలోపునకు దిగినది. పని దాదాపు నాలుగింతలాయెను. కూలివాని రాబడి నూటికి అరువది పాళ్లే పెరిగెను. అంతకుమించి ఇచ్చినచో వారు దుబారాకు లోనగుదురని టేలరు సమాధానము. ఈ సమాధానము నాకు రుచింపలేదు. యజమానికి వచ్చిన లాభము అతనిని దుబారాకు దింపదా?

నాటి కార్మికులకును అది రుచింపలేదు. ఈ పద్ధతిని వివరించు టేలరు గ్రంథము వెలువడిన 1911లోనే, వాటర్‌టౌన్ ఆయుధాగారమున పోతపనివారు స్టాపువాచీకి ఎదురుతిరిగి సమ్మె చేసిరి. శాసనసభా సంఘము విచారణ జరిపెను. 1912లో టేలరు దాని యెదుట సాక్ష్యమిచ్చెను. అతడు మరణించిన 1915లోనే ప్రభుత్వపు ఆయుధాగారములలో అట్టి కొలతలకు ధనము వెచ్చింపరాదని శాసించిరి. మరియు 1974లో ఇరువురు పరిశోధకులు పాత దస్త్రములను వెలికిదీసి, ఇనుపదిమ్మల కథకును కాగితములకును పలుచోట్ల పొత్తు కుదరదని ప్రకటించిరి. లెక్కయే ప్రమాణమన్నవాని లెక్కయే తనిఖీలో నిలువలేదు.

టేలరు క్రిందినుండి చూడగా, ఫ్రాన్సున హెన్రీ ఫేయోల్ పైనుండి చూచెను. 1841లో జన్మించిన ఇతడు బొగ్గుగనుల ఇంజనీరు. 1861లో గనిలోపల బండిలాగు గుర్రమునకు ఒకనాడు కాలు విరిగెను. ఫేయోల్ వేరొక గుర్రమునకై చీటి వ్రాసి పంపెను. డైరెక్టరు సంతకము లేనిదే ఈయనని గుర్రపుసాలవాడనెను. డైరెక్టరు ఊరలేడు; అతనికి బదులుగా సంతకము చేయువాడును నియమింపబడలేదు. గనిలో పని నిలిచెను. సంతకమునకై తిరిగినవారికి ఈ కథ విడమరచి చెప్పనక్కరలేదు. 1888లో దివాలాకు చేరువైన ఆ సంస్థకే ఫేయోల్ అధిపతియై, దానిని నిలబెట్టి, 1916లో తన అనుభవమును గ్రంథముగా ప్రకటించెను. ముందుచూపు, ఏర్పాటు, ఆజ్ఞ, సమన్వయము, తనిఖీ అను అయిదును కార్యనిర్వహణకు అంగములని అందు నిరూపించెను.

టేలరు మరచిన మనసును పట్టించుకొనినవారు గిల్‌బ్రెత్ దంపతులు. ఫ్రాంకు గిల్‌బ్రెత్ తాపీపని నేర్చినవాడు. ఇటుక పెట్టుటలో 18 కదలికలుండగా వానిని 5కు తగ్గించెను. వంగి ఇటుక తీయు బాధ లేకుండ పరంజాను మార్చెను. గంటకు 120 ఇటుకలు పెట్టువారు 350 పెట్టగలిగిరి. అతని భార్య లిలియన్, పండ్రెండుగురు బిడ్డల తల్లి, పనివాని మనసునుగూర్చి వ్రాసిన గ్రంథము 1914లో వెలువడినది. రచయిత్రి స్త్రీ యని తెలియకుండుటకై ప్రకాశకులు పేరునకు ముందు పొడి అక్షరములే వేసిరి. 1924లో భర్త మరణింపగా, ఆడుదాని సలహా మాకేల యని పరిశ్రమలవారు కొందరు విరమించుకొనిరి. ఆమె వంటయింటి పనిని శోధించెను. పొయ్యి, నీటితొట్టి, బల్ల, గిన్నెల అర ఏ యెత్తున, ఎంత యెడమున నున్నచో ఇల్లాలి నడక తగ్గునో అడుగులు లెక్కించి చూపెను. 1935లో పర్డ్యూ విశ్వవిద్యాలయమువారు ఆమెకు ఆచార్యపదవి నిచ్చిరి. 1972లో, తొంబదిమూడేండ్ల వయసున, ఆమె కన్నుమూసెను.