జిమ్మీ వాకర్

జేమ్స్ జాన్ వాకర్ (1881 జూన్ 19 – 1946 నవంబరు 18) అమెరికాలోని న్యూయార్క్ నగరానికి 1926 నుంచి 1932 వరకు మేయరు. జనం అతన్ని జిమ్మీ అనే పిలిచేవారు. అవినీతి ఆరోపణలపై రాష్ట్ర గవర్నరు ఎదుట విచారణ నడుస్తుండగానే 1932 సెప్టెంబరు 1న రాజీనామా చేశాడు. ఏ న్యాయస్థానమూ అతన్ని దోషిగా తేల్చలేదు. జీతానికి మించిన డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నకు సరైన జవాబు చెప్పలేకపోవడమే అతన్ని దించింది.

వాకర్ పుట్టింది మన్‌హట్టన్‌లోని గ్రీనిచ్ విలేజ్‌లో. తండ్రి ఐర్లండు నుంచి వలస వచ్చిన వడ్రంగి. ఆ తండ్రి టామనీ హాల్ అండతో రాజకీయాల్లోకి వచ్చాడు. నగరంలో డెమోక్రటిక్ పార్టీని తన గుప్పిట్లో పెట్టుకున్న సంస్థ టామనీ హాల్. వలస కుటుంబాలకు ఉద్యోగం ఇప్పించడం, చలికాలంలో బొగ్గు పంపడం, పోలీస్ స్టేషన్‌లో మాట సాయం చేయడం దాని పని. అందుకు బదులుగా ఓట్లు అడిగేది. ఆ ఆసరా పేదలకు నిజంగానే దక్కింది. అయితే దాని ఖర్చంతా నగర ఖజానా నుంచి, కాంట్రాక్టర్ల ముడుపుల నుంచి వచ్చేది.

కొడుక్కి మొదట రాజకీయాల మీద కన్నా పాటల మీదే మనసు. 1905లో వాకర్ రాసిన ఒక ప్రేమగీతం దేశమంతా మారుమోగింది. తండ్రి పట్టుబట్టడంతో న్యాయశాస్త్రం పూర్తి చేసి, 1910లో రాష్ట్ర శాసనసభలో, 1915లో సెనేట్‌లో అడుగుపెట్టాడు. అక్కడ అతను చేసిన పనిని తేలిగ్గా తీసిపారేయలేం. ఆదివారం బేస్‌బాల్ ఆటలకు అనుమతి తెచ్చిందీ, 1920లో బాక్సింగ్‌ను చట్టబద్ధం చేసిందీ అతనే. శ్రామికులకు వారంలో దొరికే సెలవు ఆదివారం ఒక్కటే గనుక, ఈ చట్టాలు వాళ్ల సరదాను నేరాల జాబితాలోంచి తప్పించాయి. జాతి విద్వేష సంఘమైన కు క్లక్స్ క్లాన్ సభ్యుల పేర్లు ప్రభుత్వానికి ఇచ్చి తీరాలన్న 1923 చట్టం కూడా అతనిదే. అమెరికా సుప్రీంకోర్టు 1928లో దాన్ని సమర్థించింది.

1925లో గవర్నరు ఆల్ స్మిత్ మద్దతుతో, అప్పటి మేయరు జాన్ హైలన్‌ను పార్టీ ప్రాథమిక ఎన్నికలోనే ఓడించాడు. 1926 జనవరి 1న మేయరు పదవి చేపట్టాడు. సబ్‌వే రైలు టికెట్టు 5 సెంట్లు దాటకుండా కాపాడాడు. పారిశుద్ధ్యానికీ ఆస్పత్రులకూ వేరు వేరు శాఖలు ఏర్పడింది అతని హయాంలోనే. ట్రైబరో వంతెన పనులు మొదలైందీ అప్పుడే. మరోవైపు, మొదటి రెండేళ్లలోనే ఏడు విహారయాత్రలు చేశాడు. మధ్యాహ్నానికి గానీ కార్యాలయానికి వచ్చేవాడు కాదు. సాయంత్రాలు నాటకశాలల్లో, నైట్‌క్లబ్బుల్లో గడిచేవి. భార్య ఉండగానే బెట్టీ కాంప్టన్ అనే నటితో అతని సాన్నిహిత్యం ఊరందరికీ తెలుసు. పత్రికలు అతన్ని ‘బో జేమ్స్’ అన్నాయి, సోకుల జేమ్స్ అన్నట్టు. డబ్బు ధారాళంగా తిరుగుతున్న కాలమది. 1929 నవంబరు ఎన్నికల్లో ప్రత్యర్థి ఫియొరెల్లో లగార్డియా అతని మీద అవినీతి ఆరోపణలు గుప్పించినా ఎవరూ చెవిన పెట్టలేదు. వాకర్ దాదాపు 5 లక్షల ఓట్ల తేడాతో గెలిచాడు.

అప్పటికి వాల్ స్ట్రీట్ షేర్ల మార్కెట్ కుప్పకూలి రెండు వారాలు కూడా కాలేదు. ఎన్నికల తర్వాత మేయరు జీతం 25,000 డాలర్ల నుంచి 40,000కు పెరిగింది. థియేటర్లలో జనానికి ఉత్సాహాన్నిచ్చే సినిమాలే ఆడించమని వాకర్ యజమానులను కోరాడు. వీధుల్లో ఉచిత రొట్టె కోసం వరసలు పెరుగుతున్నాయి. చేతిలో పని ఉన్నప్పుడు మేయరును చూసి ముచ్చటపడిన ఊరు, ఆకలి వేళ అతని ఖర్చులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

1930లో మేజిస్ట్రేట్ కోర్టుల మీద విచారణ ప్రారంభమైంది. దానికి సారథి శామ్యూల్ సీబరీ, రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానంలో పనిచేసిన మాజీ న్యాయమూర్తి. బయటపడిన వాటిలో అన్నిటికన్నా ఘోరమైనది స్త్రీల సంగతి. ఏ పాపమూ ఎరగని ఆడవాళ్లను పోలీసులు తమ మనుషుల చేత వలపన్ని పట్టించి, వ్యభిచారం కేసులు బనాయించేవారు. విడిపించే నెపంతో జామీనుదారులు, వకీళ్లు, పోలీసులు కలిసి వాళ్ల దగ్గర ఉన్నదంతా ఊడ్చేవారు. డబ్బివ్వలేని వాళ్లు జైలుకు పోయేవారు. ఇంకా చెప్పడానికి ముందుకొచ్చిన ఒక మహిళ 1931 ఫిబ్రవరిలో పార్కులో శవమై కనిపించింది. వాకర్ కథను విలాసపురుషుడి కథగానే చెప్పేవాళ్లు ఈ స్త్రీలను మరిచిపోతారు. అతను చూసీ చూడనట్టు వదిలేసిన పాలనలో నలిగింది వీళ్లే.

ఆపై విచారణ నగర ప్రభుత్వం మొత్తానికీ విస్తరించింది. ఏడాదికి దాదాపు 8,500 డాలర్ల జీతం ఉన్న షెరీఫ్ థామస్ ఫార్లీ బ్యాంకులో సుమారు 3,60,000 డాలర్లు వేశాడు. ఎక్కడిదని అడిగితే, ఇంట్లో ఉన్న రేకు పెట్టెలోదన్నాడు. 1932 ఫిబ్రవరిలో గవర్నరు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ అతన్ని తొలగిస్తూ ఒక సూత్రం నిర్దేశించాడు: జీతానికి మించి కూడబెట్టిన ప్రజాధికారి ఆ సొమ్ము ఎలా వచ్చిందో చెప్పి తీరాలి. లంచాన్ని రుజువు చేయడం ఎప్పుడూ కష్టమే, ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఇద్దరూ నోరు విప్పరు గనుక. ఈ సూత్రంతో సంజాయిషీ బరువు అధికారి నెత్తికెక్కింది.

1932 మే 25, 26 తేదీల్లో వాకర్ సాక్ష్యమిచ్చాడు. బయట గుంపులు అతనికి జేజేలు కొట్టాయి. పత్రికాధిపతి పాల్ బ్లాక్‌తో కలిసి తెరిచిన షేర్ల ఖాతాలో, ఒక్క డాలరైనా పెట్టకుండానే అతనికి 2,46,692 డాలర్లు ముట్టాయి. మేయరు ఆ జీతంతో ఎలా బతుకుతాడని తన చిన్న కొడుకు అడగడం వల్లే ఈ సాయం చేశానని బ్లాక్ చెప్పాడు. సబ్‌వే గోడలకు పనికొచ్చే పలకల తయారీలో బ్లాక్‌కు పెట్టుబడి ఉండటం ఆ మాటను నమ్మనివ్వలేదు. ఒక్క బస్సైనా లేని ఈక్విటబుల్ కోచ్ కంపెనీకి నగర బస్సుల హక్కు దక్కింది. మేయరు యూరప్ యాత్రకు 10,000 డాలర్ల పరపతి పత్రం అందింది ఆ కంపెనీ పెద్దల నుంచే. వాకర్ ఆర్థిక వ్యవహారాలు చూసిన లెక్కల గుమాస్తా మెక్సికోకు పారిపోయాడు.

జూన్‌లో సీబరీ అభియోగాలను గవర్నరుకు పంపాడు. రూజ్‌వెల్ట్ అప్పుడు అధ్యక్ష పదవికి అభ్యర్థి. టామనీని కాపాడితే దేశం క్షమించదు, కాదంటే సొంత నగరంలో ఓట్లు పోతాయన్న భయం. ఆగస్టు 11న రాష్ట్ర రాజధాని ఆల్బనీలో మొదలైన విచారణలో ప్రశ్నలు చాలావరకు తనే వేశాడు. విచారణ మధ్యలోనే వాకర్ సోదరుడు జార్జి చనిపోయాడు. తనను పైకి తెచ్చిన ఆల్ స్మిత్ కూడా ఇక తప్పుకొమ్మన్నాడు. తీర్పు రాకముందే వాకర్ రాజీనామా పంపి యూరప్ ఓడ ఎక్కాడు.

1933 ఎన్నికల్లో లగార్డియా మేయరుగా గెలిచాడు. 1936లో ప్రజలు ఆమోదించిన కొత్త నగర చార్టరు ఆల్డర్మన్ల సభ అనే పాత నగరసభను రద్దు చేసింది. వాకర్ 1933లో కాంప్టన్‌ను పెళ్లాడాడు, రెండేళ్లకు ఇంటిదారి పట్టాడు. 1940లో దుస్తుల పరిశ్రమలో కార్మికుల, యజమానుల తగాదాలు తీర్చే మధ్యవర్తి ఉద్యోగాన్ని అతనికిచ్చింది లగార్డియాయే. చనిపోయిన మరుసటి ఏడు, సెయింట్ లూక్స్ ప్లేస్‌లో అతని ఇంటి ఎదుటి పార్కుకు అతని పేరే పెట్టారు. మేయరు ఇంటికి గుర్తుగా నిలిపిన దీపస్తంభాలు ఆ గుమ్మం ముందు అలాగే ఉన్నాయి.