శంకువు

బడిలో శంకువంటే ఐస్‌క్రీం కోన్ ఆకారం. మంత్రిగారు శంకుస్థాపన చేసినచోట మాత్రం కోను కనబడదు, శిలాఫలకమే కనబడుతుంది. సంస్కృతంలో శంకువంటే మేకు, గుంజ. ఇల్లు మొదలెట్టే ముందు నేలలో కొయ్య పాతడమే అసలు శంకుస్థాపన.

జ్యోతిష గ్రంథాల్లో ఆ కొయ్యకి పెద్ద ఉద్యోగమే ఉంది. 12 అంగుళాల శంకువును నిటారుగా నిలిపి, నీడ కొలిచి పొద్దు లెక్కకట్టేవారు. ఎక్కలేని ఎత్తులకీ అదే దారి. శంకువు నీడ 16 అంగుళాలున్న వేళ కొబ్బరిచెట్టు నీడ 40 అడుగులుందనుకోండి. ఎండ రెంటిమీదా ఒకే వాలున పడుతుంది కాబట్టి రెండు త్రిభుజాలూ సరూపాలే. 16కి 12 అయితే 40కి 30. చెట్టు ఎత్తు 30 అడుగులు. త్రైరాశికం, అంతే! నేల చదునుగా ఉండాలి, రెండు నీడలూ ఒకే వేళ కొలవాలి.

499 నాటి ఆర్యభటీయంలో ఎండ బదులు దీపం పెట్టిన లెక్కుంది. దీపానికీ శంకువుకీ మధ్య దూరాన్ని శంకువు ఎత్తుతో గుణించి, రెండు ఎత్తుల తేడాతో భాగిస్తే నీడ పొడవు వస్తుంది. నాకు ముచ్చటేసేది ఆ ‘తేడా’యే. శంకువు కొన నుంచి దీపస్తంభానికి అడ్డగీత గీయండి. పైన మిగిలే త్రిభుజం, కింద నీడ త్రిభుజం సరూపాలు.