రైతువారీ పట్టా నుంచి స్వతంత్ర పార్టీ దాకా: తెలుగునాట స్వేచ్ఛా విపణి భావన

1. ఉపోద్ఘాతం

స్వేచ్ఛా విపణి సిద్ధాంతకర్తల ప్రస్తావన వచ్చినప్పుడు ఆడమ్ స్మిత్, హయెక్, ఫ్రీడ్‌మన్ పేర్లు ముందుగా స్ఫురిస్తాయి. భారతదేశానికి సంబంధించినంతవరకు, రెండో పంచవర్ష ప్రణాళికలోని లోటు ద్రవ్య విధానంతో 1955లో విభేదించిన బి.ఆర్. షెనాయ్‌నూ, స్వతంత్ర పార్టీకి ప్రేరకుడైన రాజాజీనీ స్మరించడం పరిపాటి. ఆ పార్టీ తొలి అధ్యక్షుడైన ఆచార్య ఎన్.జి. రంగా (1900–1995) తెలుగు రైతాంగ నాయకుడు. తెలుగునాట ఈ భావన అంగడిలో కాక పొలం గట్టున పుట్టింది. సరుకు ధర కంటే భూమి పట్టా దానికి ప్రాణం. ఆ వారసత్వపు బలమేమిటో, పరిమితి ఏమిటో అమరాపురం, మడకశిర, హిందూపురం, పెనుకొండ ప్రాంతపు భూచరిత్ర నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. దత్తమండలాల్లో రైతువారీ

1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన దత్తమండలాలకు థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి 1807 వరకు పనిచేశాడు. అనంతపురం ఆయన కార్యస్థానం. స్మిత్ అంతకుముందు బోధించిన గ్లాస్గో విశ్వవిద్యాలయంలోనే మన్రో చదువుకున్నాడు. భూమిని సర్వే చేయించి, జమీందారు ప్రమేయం లేకుండా రైతుతోనే శిస్తు ఒప్పందం చేసుకోవడం ఆయన పద్ధతి. హక్కు స్థిరంగా, శిస్తు తేలికగా ఉంటే రైతు తనంతట తానే సేద్యాన్ని వృద్ధి చేసుకుంటాడన్నది ఆయన విశ్వాసం. ఆ విశ్వాసంతోనే 1807లో శిస్తును నాలుగోవంతు తగ్గించాలని సిఫారసు చేశాడు. కంపెనీ పాలకులు అప్పట్లో దాన్ని ఆమోదించక గ్రామ గుత్తల పద్ధతికి మళ్లారు. రైతుకు హక్కు ఇచ్చిన రాజ్యమే దాని విలువను శిస్తు రూపంలో హరించగలదని ఆ అనుభవం తేటతెల్లం చేసింది.

3. రంగా: జమీందారీ వ్యతిరేకత నుంచి స్వతంత్ర దాకా

ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, మద్రాసులో అర్థశాస్త్రం బోధించిన రంగా మొదట జమీందారీ వ్యతిరేక పోరాటాలలో నిలిచాడు. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం జమీందారీ భూములను రైతువారీలోకి మార్చింది. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ ఉమ్మడి సహకార సేద్యాన్ని లక్ష్యంగా తీర్మానించగా, రంగా దాన్ని వ్యతిరేకించి కాంగ్రెస్‌ను వీడాడు. ఆ ఏడే మద్రాసులో ప్రకటితమైన స్వతంత్ర పార్టీకి అధ్యక్షుడయ్యాడు. జమీందారు చేతిలో భూమి ఉండరాదన్న వాదమూ, సహకార సంఘం పేరిట అది రైతు చేయి దాటరాదన్న వాదమూ ఆయనకు పరస్పర విరుద్ధాలు కావు. రెండింటి మూలమూ దున్నేవాడి సొంత హక్కే. అయితే పంటకు గిట్టుబాటు ధర ప్రభుత్వమే చూపాలని కూడా ఆయన కోరాడు. కనుక ఆయనను కేవల విపణివాదిగా పరిగణించడం సమంజసం కాదు.

4. రాజ్యాంగ వేదికపై పట్టా

1964లో పదిహేడో రాజ్యాంగ సవరణ 'ఎస్టేటు' నిర్వచనంలోకి రైతువారీ భూమిని కూడా చేర్చింది. పదహారేళ్ల కిందట ఎస్టేట్లను రద్దు చేసి రైతువారీగా మార్చిన చట్టం రైతుకు విముక్తి కాగా, ఇప్పుడు రైతువారీయే ఎస్టేటు అయింది. స్వతంత్ర పార్టీ ఈ సవరణను తీవ్రంగా ప్రతిఘటించింది. అదే సవరణలో, గరిష్ఠ పరిమితికి లోబడి సొంత సేద్యంలో ఉన్న భూమిని మార్కెట్ విలువకు తగ్గని పరిహారం లేకుండా ప్రభుత్వం తీసుకోరాదన్న నిబంధన చేరింది. ఆ విధంగా 'మార్కెట్ విలువ' చిన్న రైతుకు రాజ్యాంగ రక్షణగా మారింది. 1967 ఫిబ్రవరిలో గోలక్‌నాథ్ తీర్పు వెలువరించిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు కూడా తెలుగువాడే. ప్రాథమిక హక్కులను పార్లమెంటు కుదించజాలదని చెప్పిన ఆ తీర్పు 1973లో కేశవానంద భారతి కేసులో తోసిపుచ్చబడింది. 44వ సవరణతో ఆస్తి హక్కు 1979 నుంచి ప్రాథమిక హక్కుల జాబితాలో లేకుండా పోయింది.

5. వారసత్వం

1967 లోక్‌సభలో 44 స్థానాలు గెలిచిన స్వతంత్ర పార్టీ 1971లో ఎనిమిదికి పడిపోయి, 1974లో భారతీయ లోక్‌దళ్‌లో విలీనమైంది. 1991లో ఆర్థిక సరళీకరణకు నాయకత్వం వహించిన పి.వి. నరసింహారావు, ముఖ్యమంత్రిగా భూ గరిష్ఠ పరిమితి కోసం పట్టుబట్టి స్వపక్షంలోనే వ్యతిరేకతను ఎదుర్కొన్న నాయకుడు. విపణి వచ్చింది గాని, స్వతంత్రవాదులు కోరిన క్రమంలో రాలేదు. పట్టా భద్రత ముందు, పరిశ్రమ తర్వాత అన్నది వారి వరుస.

హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టులో ధర బహిరంగ వేలంలో తేలుతుంది. వేలం జరిగే ప్రాంగణాన్ని నిర్వహించేది ప్రభుత్వ శాఖ. పెనుకొండ సమీపాన ఎర్రమంచి వద్ద 2019లో ఉత్పత్తి ప్రారంభించిన కార్ల కర్మాగారానికి భూమిని సమకూర్చింది రాష్ట్ర ప్రభుత్వం. విదేశీ పెట్టుబడి స్వేచ్ఛా విపణికి చిహ్నమైతే, దాని కాలి కింది నేల రాజ్యాధికారపు ఫలం. అమరాపురం వంటి సరిహద్దు మండలాల్లో వక్క, మల్బరీ, వేరుశనగ పండించే సన్నకారు రైతుకు సైతం మన్రో కాలం నాటి ప్రశ్నే మిగిలి ఉంది: ఇచ్చిన హక్కును తీసుకొనేటప్పుడు రాజ్యం ఏ విలువ కడుతుంది?

6. ముగింపు

ఈ వారసత్వంలో ఒక లోపం స్పష్టంగా కనిపిస్తుంది. పట్టా ఉన్నవాడికి అది గొంతునిచ్చింది గాని, కౌలుదారునూ కూలీనీ సిద్ధాంతం అంచునే నిలిపింది. 1977 నాటి చట్టం కింద అమ్ముకొనే వీలు లేని అసైన్డ్ భూమిని పొందిన దళిత రైతుకు భూమి దక్కింది, విపణి దక్కలేదు. అన్యాక్రాంతం కాకుండా అతణ్ణి కాపాడిన ఆంక్షే ఆ భూమి విలువనూ తగ్గించింది. రంగా ప్రతిపాదించిన సొంత హక్కు ఈ రైతుకు ఏ రూపంలో వర్తించాలి? ఆ ప్రశ్నకు సమాధానం వెతికినప్పుడే తెలుగునాట స్వేచ్ఛా విపణి భావన చరిత్ర సమగ్రమవుతుంది.