తీరిక గెలిచాకే ఇంటి వడ్రంగం

శని, ఆదివారాల్లో కొయ్య కోసి చిత్రిక పట్టే సరదా అమెరికాలో పనిముట్ల కంపెనీల ప్రకటనల వల్లే పుట్టిందని కొందరంటారు. 1946లో బ్లాక్ అండ్ డెకర్ ఇళ్లలో వాడుకునే చవక డ్రిల్లు తెచ్చిన మాట నిజమే. కానీ అంతకన్నా బలమైన కారణాలు రెండు: తీరిక, సొంత ఇల్లు. 1938 నాటి కార్మిక చట్టం 1940 కల్లా వారానికి 40 గంటల పనిని ప్రమాణంగా మార్చింది. 1944లో వచ్చిన చట్టం మాజీ సైనికుల ఇంటి రుణాలకు హామీ ఇచ్చింది. న్యూయార్క్ దగ్గర లెవిట్‌టౌన్‌లో 1947 నుంచి కట్టిన చిన్న ఇళ్లలో అటక భాగాన్ని పూర్తిచేయకుండా వదిలేశారు. సంసారం పెరిగేకొద్దీ చాలామంది అక్కడే చట్రాలు నిలిపి, పలకలు బిగించి, గదులు చేసుకున్నారు.

ఇదంతా కూలి ఖర్చు మిగుల్చుకోవడానికే కదా అనవచ్చు. ఆర్థిక మాంద్యం రోజుల్లో, 1933లో, ఇంటి వర్క్‌షాపుల వారికి జాతీయ సంఘం ఏర్పడిన సంగతి ఆ వాదనకు బలమే. అయితే అవసరమొక్కటే కారణమైతే, డబ్బు చేతిలో ఆడిన 1950లలో ఈ అలవాటు సన్నగిల్లాలి. జరిగింది వేరు. 1954 ఆగస్టులో టైమ్ పత్రిక దీన్ని ముఖచిత్ర కథనం చేసేంతగా ఊపందుకుంది. వారమంతా కాగితాల మధ్య గడిపిన మనిషికి తాను బిగించిన బల్లను తడిమి చూసుకోవడంలో దొరికే తృప్తి అంగట్లో దొరకదు. ఆ తృప్తికి దారి తీసింది పనివేళల కోసం కార్మికులు చేసిన పోరాటమే. ఈ చరిత్రలో మొదటి గౌరవం వారికే దక్కాలి.