‘వ్యక్తి’ పదార్థ నిర్ణయం: న్యాయవాద వృత్తిలో స్త్రీల ప్రవేశం

1879 నాటి లీగల్ ప్రాక్టీషనర్స్ చట్టం ‘వ్యక్తి’ అనే అన్నది, స్త్రీలను నిషేధించలేదు. పుంలింగ పదాలు స్త్రీలకూ వర్తిస్తాయని జనరల్ క్లాజుల చట్టం చెబుతూనే ఉంది. అయినా, శాసనకర్తల ఉద్దేశంలో పురుషులే ఉన్నారంటూ కలకత్తా హైకోర్టు 1916లో రెజీనా గుహ అర్జీని తిరస్కరించింది. ఆచారం అక్షరాన్ని మింగింది! 1921లో సుధాంశుబాల హజ్రాకు పాట్నాలోనూ అదే ఫలితం. అదే ఏడాది అలహాబాదు హైకోర్టు మాత్రం కార్నీలియా సొరాబ్జీని వకీలుగా నమోదు చేసుకొంది. ఈ వైరుధ్యానికి 1923 నాటి ప్రత్యేక చట్టం తెరదించింది. అది కొత్త హక్కును ప్రకటించలేదు. స్త్రీ అయినంత మాత్రాన అనర్హురాలు కాదన్నది, అంతే.

తెలుగువారిలో దుర్గాబాయి 1942లో న్యాయశాస్త్ర పట్టా పొంది మద్రాసులో వాదించారు; 1946లో రాజ్యాంగ పరిషత్తు సభ్యురాలయ్యారు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తొలి మహిళా న్యాయమూర్తిగా కె. అమరేశ్వరి నియమితులైనది మాత్రం 1978లో, ఆ చట్టం వచ్చిన 55 ఏళ్లకు.