హెల్మెట్టు లోపలి హోరు – చెవి బిరడాల చరిత్ర

కంటికి రెప్ప ఉంది. నోటికి పెదవులున్నాయి. ముక్కు మూసుకోవడానికి రెండు వేళ్ళు చాలు. చెవికి మాత్రం ప్రకృతి తలుపు పెట్టలేదు. మనిషి నిద్రపోతున్నా అది కాపలా కాస్తూనే ఉంటుంది. అడవిలో బతికిన ఆదిమానవుడికి ఇది వరమే అయి ఉండాలి. ఆ చెవులతోనే గంటకు 90 కిలోమీటర్ల వేగంతో మోటారు సైకిలు మీద పోతున్న నేటి మానవుడికి అది వరమో శాపమో ఆలోచించవలసిన విషయం.

ఇయర్‌ప్లగ్ అనే వస్తువును తెలుగులో ఏమనాలన్న ప్రశ్న నన్ను కొంతకాలం వేధించింది. చివరకు 'బిరడా' దగ్గర ఆగాను. సీసా మూతికి బిగించేదీ బిరడాయే, వీణ తంత్రులను శ్రుతి చేయడానికి తిప్పేదీ బిరడాయే. ఒకటి మూస్తుంది, ఒకటి సవరిస్తుంది. చెవి బిరడా మొదట సీసా బిరడాగా పుట్టి, చాలాకాలానికి వీణ బిరడాగా మారింది. ఈ టపాలో నేను చెప్పదలచినది ఆ ప్రయాణం గురించే.

ఈ కథకు ఆదికావ్యం హోమరు ఒడిస్సీ. పన్నెండవ సర్గలో సైరెన్ల దీవి పక్కగా ఓడ సాగవలసి వస్తుంది. వారి గానం విన్నవాడు తిరిగి ఇల్లు చేరడు. ఒడిస్సియస్ తేనెమైనాన్ని మెత్తగా పిసికి నావికుల చెవులలో పెడతాడు. తాను మాత్రం పెట్టుకోడు. తెరచాప కొయ్యకు తనను కట్టివేయించుకుని పాట వింటాడు. వినాలన్న కోరికా, వినికిడి వలన కలిగే కీడు నుంచి తప్పించుకోవాలన్న జాగ్రత్తా ఒకే మనిషిలో ఉంటే ఏమి చేయాలి? హోమరుకు దొరికిన సమాధానం తాడు. మోటారు సైకిలు నడిపేవాడి సమస్య కూడా అచ్చంగా ఇదే. గాలి హోరు వినకూడదు, లారీ హారను వినాలి.

కావ్యం నుంచి కర్మాగారానికి వద్దాం. వృత్తుల వలన కలిగే వ్యాధుల గురించి ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జినీ రాసిన గ్రంథం 1700లో వెలువడి, 1713లో విస్తరించింది. వెనిస్ నగరంలో రోజంతా రాగిని సుత్తులతో సాగగొట్టే కంచరివారు క్రమంగా వినికిడి కోల్పోయి, ముసలితనానికి పూర్తిగా చెవిటివారవుతున్నారని ఆయన గమనించాడు. చెవుడు విధివ్రాత కాదు, పని పెట్టిన గాయం అని ఒక వైద్యుడు గుర్తించిన తొలి సందర్భాలలో ఇది ఒకటి.

గుర్తించడం వేరు, కొలవడం వేరు. ఆ రెండవ పని గ్లాస్గోలో జరిగింది. 1886లో థామస్ బార్ అనే చెవి వైద్యుడు ఆవిరి బాయిలర్లు తయారుచేసే కార్మికులను 100 మందిని పరీక్షించాడు. పోల్చి చూడడానికి ఇనుము పోతపోసేవారినీ, వీధుల్లో ఉత్తరాలు పంచే తపాలా బంట్రోతులనూ ఎంచుకున్నాడు. బాయిలరు లోపల కూర్చుని రివెట్టును పట్టుకునేవాడి తల పక్కనే బయటివాడి సుత్తి దెబ్బ పడుతుంది. ఆ 100 మందిలో ఒక్కడికి కూడా వినికిడి సక్రమంగా లేదు. ఉత్తరాలు పంచేవారి చెవులు చాలావరకు బాగానే ఉన్నాయి. ఈ జబ్బుకు ఇంగ్లీషు వైద్యులు 'బాయిలరు కార్మికుల చెవుడు' అనే పేరే పెట్టుకున్నారు.

ఇంత తెలిసినా, బజారులో కొనుక్కోగల తొలి విజయవంతమైన చెవి బిరడా పుట్టింది కార్మికుడి కోసం కాదు, నగరవాసి నిద్ర కోసం! బెర్లిన్‌లో మాక్స్ నెగ్వెర్ అనే ఔషధ వ్యాపారి మైనమూ, పారఫిన్ వంటి పదార్థాలూ దూదికి పట్టించి 1907లో చిన్న ఉండలు తయారుచేశాడు. 'ఓరోపాక్స్' అని పేరు పెట్టాడు. జర్మన్‌లో 'ఓర్' అంటే చెవి, లాటిన్‌లో 'పాక్స్' అంటే శాంతి. ఒడిస్సీ కథే ఆయనకు ప్రేరణ అని ఆ సంస్థ చెప్పుకుంటుంది. కాఫ్కా వీటిని వాడేవాడని ఆయన లేఖల వల్ల తెలుస్తుంది. కాఫ్కా రచనలు చదివినవారికి ఇందులో ఆశ్చర్యమేమీ కనిపించదు.

ఆ తరువాతి మలుపు అమెరికాలో. 1967లో నేషనల్ రిసెర్చ్ కార్పొరేషన్‌లో రాస్ గార్డ్‌నర్ బృందం, శక్తిని పీల్చుకునే ఒక రెసిన్ మీద పనిచేస్తూ, నలిపితే సన్నబడి, వదిలితే నెమ్మదిగా ఉబ్బే నురుగు పదార్థానికి చెవి రక్షణలో ఉన్న ఉపయోగాన్ని గ్రహించింది. 1972లో అది ఈ.ఏ.ఆర్. బిరడాగా అంగడికి వచ్చింది. మందుల షాపులలో దొరికే పసుపు, నారింజ రంగుల మెత్తని బిరడాలన్నీ దాని సంతతే. ఇవి చవక, సమర్థం. అయితే పెట్టుకోవడం ఒక విద్య. సన్నగా నలిపి, రెండో చేతిని తల వెనుకగా తెచ్చి చెవి దొప్పను పైకి లాగి, లోపలికి పంపి, అది ఉబ్బేదాకా వేలితో ఆపాలి. పైపైన దోపుకుంటే డబ్బా మీద అచ్చువేసిన డెసిబెల్ అంకెలో సగం కూడా దక్కకపోవచ్చు.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. చెవులు మూసుకుంటే హారను వినబడదు కదా? ఇది నేడు పుట్టిన సందేహం కాదు. 1946లో కార్ల్ క్రైటర్ ఇదే పరీక్షించాడు. గట్టి రొద మధ్య బిరడాలు పెట్టుకున్నవారికి ఎదుటివారి మాట తగ్గకపోగా, కొంత మెరుగ్గానే అర్థమైంది. కారణం కష్టమైనదేమీ కాదు. బిరడా రొదనూ, మాటనూ కలిపి తగ్గిస్తుంది. వాటి నిష్పత్తి మారదు. కానీ అతి ధ్వనికి ఉక్కిరిబిక్కిరయ్యే చెవి, తగ్గిన ధ్వనిలో తేడాలను బాగా పసిగడుతుంది. మిట్టమధ్యాహ్నపు ఎండలో చలువ కళ్ళద్దాలు పెట్టుకున్నవాడికి దారి మరింత స్పష్టంగా కనిపించినట్టే ఇదీను. ఒక షరతు ఉంది. ఇది రొద ఎక్కువగా ఉన్నచోట, వినికిడి సరిగా ఉన్నవారికి వర్తించే మాట. కోఠి సందుల్లో 20 కిలోమీటర్ల వేగంతో పోయేవాడికి గాలి హోరు లేదు, హారన్లే దారి చూపే భాష. అక్కడ బిరడా తీసి జేబులో వేసుకోవడమే వివేకం.

ఇక రౌతు దగ్గరకు వద్దాం. 1935 మే నెలలో టి. ఇ. లారెన్స్ తన బ్రఫ్ సుపీరియర్ మోటారు సైకిలు మీద నుంచి పడి, ఆరు రోజుల తరువాత మరణించాడు. ఆయనకు చికిత్స చేసినవారిలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఉన్నాడు. 1941లో కెయిర్న్స్ మోటారు సైకిలు నడిపేవారి తల గాయాల మీద ప్రకటించిన పరిశోధన, హెల్మెట్టు ఆవశ్యకతను స్థాపించింది. 1973లో బ్రిటన్‌లో హెల్మెట్టు తప్పనిసరి అయింది. మన దేశంలో 1988 మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షను ఆ మాటే చెబుతుంది. తలను కాపాడిన ఈ చరిత్రలో చెవి ఊసు ఎక్కడా రాలేదు. తల మొత్తం కప్పాక చెవులు వేరే చెప్పాలా అనుకుని ఉంటారు.

చెప్పవలసి వచ్చింది. హెల్మెట్టు ఇంజను శబ్దాన్ని కొంత ఆపుతుంది. కానీ వేగం పెరిగాక అసలు రొద ఇంజనుది కాదు, గాలిది. ఎదురుగాలి హెల్మెట్టును రాసుకుంటూ సుడులు తిరుగుతుంది. ఆ సుడులే శబ్దం. గాలి హెల్మెట్టు చుట్టూ పోతుంటే పుట్టే శబ్దాన్ని ఆ హెల్మెట్టే ఎలా ఆపగలదు? బ్రిటన్‌లో ఆండ్రూ మెక్‌కోంబ్ అనే చెవి వైద్యుడు 1990లలో ఈ విషయం మీద పనిచేశాడు. హెల్మెట్టు లోపల గంటకు 60 కిలోమీటర్ల దగ్గర సుమారు 90 డెసిబెళ్ళు, 160 కిలోమీటర్ల దగ్గర సుమారు 110 డెసిబెళ్ళు తేలాయి. 1994లో గ్రాండ్ ప్రీ పందెగాళ్ళ వినికిడి మీద ఆయన బృందం ప్రచురించిన వ్యాసం, అది వృత్తి వ్యాధా లేక క్రీడా గాయమా అని శీర్షికలోనే అడిగింది. 2011లో బాత్ నగర పరిశోధకులు, గడ్డం కింద హెల్మెట్టుకూ మెడకూ నడుమ ఉన్న ఖాళీ ఈ రొదకు ఒక ముఖ్య జన్మస్థానమని చూపారు.

డెసిబెల్ లెక్క మన కూడికల వంటిది కాదు. 3 డెసిబెళ్ళు పెరిగితే ధ్వనిశక్తి రెట్టింపవుతుంది. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నయోష్ 1998 సిఫారసు ప్రకారం, 85 డెసిబెళ్ళలో 8 గంటలు ఉండవచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెళ్ళకూ ఆ సమయం సగమవుతుంది. మెక్‌కోంబ్ అంకెల మధ్య లెక్క కట్టితే 80 కిలోమీటర్ల వేగానికి దాదాపు 96 డెసిబెళ్ళు వస్తాయి. అంటే సుమారు 40 నిమిషాలు. హైదరాబాదు నుంచి బయలుదేరి విజయవాడ వైపు పోయేవాడి ఆనాటి వాటా చౌటుప్పల్ దాటిన కాసేపటికే అయిపోతుంది. మిగిలిన దారి అంతా అప్పే.

ఆ అప్పు ఎవరు తీరుస్తారు? లోపలి చెవిలో నత్తగుల్ల వంటి కర్ణావర్తంలో సుమారు 15,000 రోమకణాలుంటాయి. మనిషిలో అవి ఒకసారి చస్తే మళ్ళీ మొలవవు. శబ్దహాని మొదట తాకేది 4000 హెర్ట్జ్ పరిసరాలను. అందుకే చెవుడు వచ్చినట్టు తెలియదు. అచ్చుల బలం కింది స్థాయిలలో ఉంటుంది గనుక అవి వినబడుతూనే ఉంటాయి. స, శ, ష వంటి హల్లులు జారిపోతాయి. మాట వినిపిస్తుంది, అర్థం కాదు.

మా మేనమామ 30 ఏళ్ళు పల్నాటి ఊళ్ళన్నీ బుల్లెట్టు మీద తిరిగి ఎరువులూ, విత్తనాలూ అమ్మినవాడు. అరవై దాటాక ఆయన నోట తరచుగా వినే మాట, "ఒరేయ్ అబ్బాయ్, ఈ కాలపు పిల్లలంతా ఎందుకురా గొణుగుతారు?" అని. మేము గొణగడం లేదు. పరీక్ష చేయించుకుందాం మామయ్యా అంటే, వయసు మీద పడితే ఎవరికైనా అంతేనని నవ్వేసేవాడు. ఆయన వినికిడిని వయసు తిన్నదో, గాలి తిన్నదో నేను తేల్చలేను. కానీ రాత్రి భోజనాల దగ్గర అందరూ నవ్వుతున్నప్పుడు, ఒక క్షణం ఆలస్యంగా తానూ నవ్వే మనిషిని చూశాక, ఈ విషయం నాకు అంకెల వ్యవహారంగా మిగలలేదు. మన దేశపు కర్మాగారాల నిబంధనలలో 8 గంటల పనికి 90 డెసిబెళ్ళ హద్దు ఉంది. నాలుగు గోడల మధ్య పనిచేసేవాడికి ఆ లెక్కయినా ఉంది. బండి మీదే బతుకు సాగించేవాడికి గోడలూ లేవు, లెక్కా లేదు.

బిరడా వీణదిగా మారిన ఘట్టం ఇప్పుడు చెప్పాలి. మామూలు బిరడా పై స్థాయి ధ్వనులను ఎక్కువగా, కింది స్థాయి ధ్వనులను తక్కువగా తగ్గిస్తుంది. లోకమంతా దుప్పటి కింద నుంచి వినిపించినట్టుంటుంది. సంగీతకారులకు ఇది పనికిరాదు. ఎల్మర్ కార్ల్‌సన్ రూపకల్పన ఆధారంగా, మీడ్ కిలియన్ స్థాపించిన ఎటిమోటిక్ రిసెర్చ్ 1988లో అన్ని స్థాయిలనూ ఇంచుమించు సమానంగా 15 డెసిబెళ్ళు తగ్గించే బిరడాను తెచ్చింది. దానిని ఒక్కొక్కరి చెవి అచ్చుకు తగినట్టు పోతపోసిన తొడుగులో అమర్చేవారు. 1995లో వాన్ హేలెన్ బృందపు శబ్ద నిపుణుడు జెర్రీ హార్వే, డ్రమ్మరు అలెక్స్ వాన్ హేలెన్ కోసం చెవి అచ్చులోనే స్పీకర్లను ఇమిడ్చాడు. మోటారు సైకిలు నడిపేవారి కోసం నేడు తయారయ్యే అచ్చు బిరడాలకూ, అచ్చు ఇయర్‌ఫోన్లకూ దారి చూపినవి ఇటువంటి పనులే.

అచ్చు తీయడం చూడముచ్చటైన పని. ముందు దీపంతో చెవి లోపల చూసి, గులిమి లేదని నిశ్చయించుకుంటారు. కర్ణభేరికి రక్షణగా దారం కట్టిన చిన్న నురుగు ముక్కను లోపల నిలుపుతారు. తరువాత పిచికారీతో మెత్తని సిలికోను ముద్ద నింపుతారు. చల్లగా తాకి, క్షణంలో లోకం దూరమవుతుంది. నిమిషాలలో అది గట్టిపడుతుంది. బయటికి తీస్తే మన చెవి దారి మలుపులన్నీ ఆ ముద్ద మీద ఉంటాయి. ఏ ఇద్దరివీ ఒకటి కావు, మన కుడి ఎడమలు కూడా ఒకటి కావు. రౌతు కొద్దీ గుర్రమన్నారు పెద్దలు. చెవి కొద్దీ బిరడా అనాలి. బండి నడిపేవారికి మెత్తని సిలికోనే మేలు. అది చెవి దొప్పలోనే ఒదిగిపోవాలి. పైకి పొడుచుకు వస్తే హెల్మెట్టు ఒత్తి గంటలో నరకం చూపిస్తుంది.

ఇయర్‌ఫోన్ల విషయంలో ఒక హెచ్చరిక. గాలి హోరును ఆపని మామూలు ఇయర్‌ఫోను పెట్టుకుంటే, పాట ఆ హోరును మించి మోగాలి. 96 మీద మరికొంత! అచ్చు ఇయర్‌ఫోను ముందు హోరును ఆపి, తరువాత మెల్లగా పాడుతుంది. అయినా పాట మనసును లాగుతుంది, బిరడా లాగదు. కాలిఫోర్నియా వాహన చట్టం 27400వ సెక్షను ఈ తేడాను గుర్తించింది. రెండు చెవులలోనూ ఇయర్‌ఫోన్లు నిషేధించి, హానికర శబ్దాన్ని తగ్గించే బిరడాలనూ, అచ్చులనూ మినహాయించింది. అవి సైరనునూ, హారనునూ వినకుండా చేయరాదని షరతు పెట్టింది. హోమరు కాలపు చిక్కుముడికి శాసనకర్తలు ఇచ్చిన జవాబు ఇది.

అచ్చు బిరడాకు ఖర్చు ఎక్కువ. నురుగు బిరడాల జత ఒక కప్పు టీ ధరకు కాస్త అటూ ఇటూగా దొరుకుతుంది. దూరప్రయాణాలకు ముందు వాటితో మొదలుపెడితే చాలు. హెల్మెట్టు పక్కనే వాటినీ పెట్టుకునే అలవాటు చేసుకోండి. మీ ఇంట్లో ఏళ్ళ తరబడి బండి మీద తిరిగిన పెద్దవారెవరైనా, అందరూ గొణుగుతున్నారని విసుక్కుంటూ ఉంటే, నవ్వి ఊరుకోకండి. ఒకసారి వినికిడి పరీక్షకు తీసుకువెళ్ళండి.